పెయింట్ డబ్బాలో పూసిన పువ్వు

గ్రేస్ కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోలేదని మల్లాపూర్‌లో ఆమె పనిచేసే మందుల ప్యాకింగ్ కంపెనీలో పేరు. బెల్టు మీద గోలీల పట్టీలు పరుగెత్తుతుంటే, ఒక్క గోలీ తక్కువైన పట్టీని ఠక్కున పట్టి ఎర్ర డబ్బాలో పడేస్తుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. అంత చూపున్న మనిషికి చూడటానికి గోలీలే దొరకడం అన్యాయం కాక మరేమిటి?

ఆ అన్యాయాన్ని కొంత సరిచేసినవాడు గిరిప్రసాద్ సార్. వృక్షశాస్త్రం లెక్చరర్‌గా రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున్నే నలుగురైదుగురిని వెంటేసుకుని, ఉప్పల్, నాచారం ఖాళీ జాగాల్లో మొక్కల్నీ పురుగుల్నీ ఫోన్లతో ఫొటోలు తీయించి ఒక యాప్‌లో పెట్టించేవాడు. ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో చూసి పేర్లు ఖాయం చేసేవారు. గ్రేస్ ఆరింటికి వీళ్లతో తిరిగి, చెప్పుల బురద దులుపుకుని పదింటికి చర్చికి పోయేది.

"గడ్డి ఫొటోలకు జీతమిస్తరా?" అని భర్త శాంసన్ ఎగతాళి చేసేవాడు.

"నువ్వు క్రికెట్ జూస్తె ఎవరిస్తున్నరు?" అనేది ఆమె.

మూడేళ్ల కింద తొలకరికి, నాచారంలో ఒక గోదాము పక్క ప్లాటులో, రాళ్ల మధ్య చిన్న తీగ కనిపించింది. నాలుగే ఆకులు. గ్రేస్ అక్కడే చతికిలబడింది. జనగామ దగ్గర వాళ్ల ఊరి గుట్టల్లో, అమ్మ ఈ తీగ కిందే తవ్వి రేగుపండంత గడ్డలు తీసి పిల్లలకు పెట్టేది. దానికో పేరుండేది. నాలుక చివరే ఉంది, బయటికి రాదు. అడుగుదామంటే అమ్మ లేదు.

యాప్‌లో పెడితే ఒక పెద్దాయన జవాబు రాశాడు. ఇలాంటివి రెండు జాతులున్నాయట, ఒకటి చాలా అరుదట, పువ్వు చూస్తేగాని చెప్పలేరట.

"అరుదైనదే అయితే, ఈ దిక్కు ఇది బతికిందనడానికి మొదటి సాక్ష్యం నీదే గ్రేసమ్మా. ఒక్క పువ్వు ఫొటో చాలు," అన్నాడు సార్.

అమ్మ పెట్టిన గడ్డకు లోకం ముందు ఒక పేరు, ఒక చిరునామా. గ్రేస్‌కు అంతకు మించి ఏమీ అక్కర్లేకపోయింది.

ఆ ఏడు పూయకముందే మేకలు మేశాయి. మరుసటేడు మొగ్గ వేసిన రెండో రోజే ఎవరో కలుపు మందు కొట్టించారు; పైన తీగ మాడినా కింద గడ్డ బతికే ఉంది. ఈలోగా సార్ మోకాళ్లు మొరాయించాయి, మిగతావాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆదివారాలు గ్రేస్ ఒక్కతే మిగిలింది.

మూడో ఏడు జూన్‌లో డ్యూటీకి పోతుంటే ప్లాటులో జేసీబీ. అప్పటికే తీగ ఉన్న గోదాము గోడ దాకా వచ్చేసింది. ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. పరుగెత్తి డ్రైవర్‌కు రెండు చేతులా దండం పెట్టింది.

"అన్నా, జర ఐదు నిమిషాలాగు!"

"ఏం బోయిందమ్మా?"

"ఏం బోలే. ఒక గడ్డ తీస్కుంట, గంతే."

అతను ఆమెను ఎగాదిగా చూసి బీడీ ముట్టించాడు. టిఫిన్ బాక్సు చెంచాతో, గోళ్లతో తవ్వి, తీగ తెగకుండా గడ్డను కొంగులో వేసుకుంది. ఇంటికి తెచ్చి, మిద్దె మీద ఖాళీ పెయింట్ డబ్బాలో నాటింది. ఆలస్యంగా పోయినందుకు డ్యూటీలో ఆ రోజు సూపర్‌వైజర్ తిట్టిన తిట్లు ఆమె చెవికెక్కనే లేదు.

ఆగస్టులో పూసింది. వేలంత పువ్వు, కింద ఉబ్బు, పైన సన్నటి గొట్టం, కొసన ఊదా రంగు. శాంసన్ గొడుగు పట్టాడు, గ్రేస్ ఫొటోలు తీసి యాప్‌లో పెట్టింది. మర్నాడే జవాబు: అరుదైనదే! ఎగతాళి చేసిన శాంసనే గల్లీ అంతా చాటి వచ్చాడు.

సాయంత్రానికి ఆ పెద్దాయనే మళ్లీ రాశాడు. ఫొటో మూలన డబ్బా అంచు కనబడుతోంది, పెంచిన మొక్కా అని. గ్రేస్ జరిగినదంతా రాసింది. మీ మాట నేను నమ్ముతాను, కానీ డబ్బాలోది అడవి మొక్కగా లెక్కకు రాదు, తవ్వేటప్పుడు ఆ చోట తీసిన ఫొటో ఒక్కటున్నా పాత ఆకుల ఫొటోతో కలపవచ్చు అన్నాడాయన.

గ్రేస్ ఫోనంతా వెతికింది. రెండేళ్లలో ఎన్ని వేల ఫొటోలు! చీమకు తీసింది, పేడపురుగుకు తీసింది. తవ్విన రోజుది ఒక్కటీ లేదు. ఆ ఐదు నిమిషాలూ చేతులకు మట్టి, ఫోను బ్యాగులో. ఏదీ తప్పించుకోలేని కళ్ళట! తన మీద తనకే అసహ్యమేసి ఏడ్చింది.

"అంచు గనపడని ఫొటో పెట్టి పాత జాగనే రాయి. ఎవరికి దెలుస్తది?" అన్నాడు శాంసన్.

గ్రేస్ సార్‌కు ఫోన్ చేసి అడిగింది. "నేనేం జెప్పాలె గ్రేసమ్మా," అన్నాడాయన.

పంతొమ్మిదేళ్లుగా లోటున్న పట్టీని వదలని చెయ్యి అది. 'పెంచిన మొక్క' అన్నచోట ఆమే నొక్కింది. రికార్డు లెక్కలో లేనివాటిలోకి పోయింది. పువ్వు కాయ కట్టకుండానే రాలింది. ప్లాటులో స్లాబు పడింది.

ఈ ఏడు తొలి వానకు డబ్బాలో మళ్లీ రెండాకులు లేచాయి. ఈసారి ఫోన్ గ్రేస్ చేతిలోనే ఉంది.

"తీస్తలేవా?" అన్నాడు శాంసన్.

"తీసి, యాడిదని రాయాలె?"

ఫోన్ నడుముకు దోపుకుని, చెంబుతో నీళ్లు పోసింది.