గుంతలోంచి నడిచిన మొక్కు

అన్నం ముందు కూర్చుని చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పనికోసం వచ్చిన ఈ ఎడారి దేశంలో, అల్ మన్సూరాలో మా గదివాళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. నవ్వనివ్వండి. నిజం రుచి అందరికీ తెలియదు.

నా పక్కమంచం అతనిది జగిత్యాల వైపు ఊరు. లుసైల్‌లో సర్వే గ్యాంగులో పని. భార్యకు కడుపులో గడ్డ తీసినప్పుడు, ఆమె బాగైతే ఇంటి గడప నుంచి కొండగట్టు అంజన్న దాకా కాలినడకన వస్తానని మొక్కుకున్నాడు. ఆమె బాగైంది. కంపెనీ మాత్రం సెలవివ్వలేదు. మొక్కు తీరకపోతే గడ్డ మళ్ళీ వస్తుందని అతని భయం.

"అన్నా, అంజన్నకు దారి ముఖ్యమా, నడక ముఖ్యమా?" అని ఒకరోజు అడిగాడు.

"నడకే. ఎడారైనా ఆయనకొకటే. సముద్రం దాటినవాడికి దారులతో ఏం పని?"

"ఆయన ఎగిరిండు గదనే, నడువలే."

"అందుకే నిన్ను నడవమంటున్నాడు."

లుసైల్ నుంచి ఉత్తరంగా అల్ ఖోర్ వైపు, హైవే పక్కనే, ఒక బాట ఉంది. దారి పొడవునా దూరం చెప్పే బోర్డులుంటాయి. ఫోన్‌లో చూస్తే అతని ఊరి నుంచి కొండగట్టుకూ దాదాపు అంతే దూరం వచ్చింది. మాకు దొరికేవి చలికాలపు శుక్రవారాలు. పోయిన వారం ఆగినచోట దిగడం, కాళ్ళు మొరాయించేదాకా నడవడం, గదిలోని డ్రైవరుకు ఫోన్ చేసి తిరిగి రావడం. అతని నియమం ఒక్కటే: ఆగినచోటు నుంచే మళ్ళీ అడుగు వేయాలి. మధ్యలో ఏమాత్రం వదిలినా మొక్కుకు బొక్క పడుతుందన్నాడు. మా కాళ్ళు బోర్డులు చూసుకుని అలసిపోవు కదా. అందుకని డ్యూటీ సంచిలోంచి గులాబీ రంగు స్ప్రే డబ్బా తెచ్చి, ఆగినచోట బాట మీద ఒక అడ్డగీత, ముందుకు ఒక బాణం వేసేవాడు.

కంచె అవతల ఒంటెలు కనిపించేవి. అందులో ఒకటి నన్ను గుర్తుపట్టిందనీ, అల్ ఘర్రాఫాలో నేను పనిచేసిన విల్లాలో దానికి ఏసీ గది ఉండేదనీ చెప్పాను.

"పాస్‌పోర్ట్ గూడ ఉండెనా?" అన్నాడు, ఆగకుండానే.

సగం దాటాక ఒక శుక్రవారం దిగి చూస్తే మా గుర్తు లేదు. ఆ జాగాలో నిలువెత్తు గుంత, చుట్టూ బ్యారికేడ్లు. పక్కన హైదరాబాద్ ఫోర్‌మన్ ఒకాయన చాయ్ తాగుతున్నాడు.

"ఏం పని భాయ్ ఇది?" అని అడిగాను.

"ఏమో భాయ్. మార్కు ఉండె, తవ్వినం. కింద చూస్తే కేబుల్ మాఫీ, పైప్ మాఫీ, ఏం లేదు. ఎవడో పాగల్ బాణం గూడ గీసిండు. ముందుకు తవ్వాల్నా అని ఇంజనీర్‌ను అడుగుతున్న."

మా సైట్లలో పద్ధతి అంతే. గులాబీ గీత కనబడితే తవ్వుతారు, ఎవరు గీశారని అడగరు.

మావాడి మొహం పాలిపోయింది. "అన్నా, నేను ఆగిన జాగనే పోయింది."

"పక్కనుంచి తిరిగిపోదాం. అంజన్న ఏమీ అనుకోడు."

"గుంత మందం నడక తక్కువైతది. రేపు నా పెండ్లానికేమన్న అయితే నువ్వు జవాబిస్తవా?"

అతను బ్యారికేడ్ కింద నుంచి దూరి గుంతలోకి జారాడు.

"అరే! గుంతల నడుసుడేంది? దిమాగ్ ఉన్నదా?" అని ఫోర్‌మన్ లేచాడు.

"మొక్కు భాయ్. భార్య కోసం," అన్నాను.

ఫోర్‌మన్ చాయ్ కింద పెట్టాడు. "మన్నతా? ముందే చెప్పాలె గదా. యల్లా, నిచ్చెన తెండి!" నేను ఫోన్ బయటికి తీస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫోటో వద్దు భాయ్, నా నౌకరి పోతది."

అలా గుంత అడుగున నడిచి, నిచ్చెనెక్కి అవతల తేలాడు. మరి కొన్ని వారాలకు అల్ ఖోర్ చేరాం. సముద్రం ఒడ్డున రాయి మీద కొబ్బరికాయ కొట్టి, భార్యకు వీడియో కాల్ చేసి అంతా చెప్పాడు. "మొక్కు తీరింది, ఇగ పైలంగ ఉండు" అందామె. మావాడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఆమె మాట ఒక్కటే. గుంత నిజం, నిచ్చెన నిజం. ఆమెకు ఎడారి దేశాలన్నీ దుబాయే. అసలు అన్నది ఇదీ:

"దుబాయ్‌ల గుంతలకెళ్ళి నడిచినవా? ఎవలు చూసిండ్రు?"

"అన్న ఉండె పక్కన."

"ఏ అన్న? సొరచేప మీద కూసొని డ్యూటీకి పోయిన్నని చెప్పిన అన్ననా? ఆయన చూసిండంటే నువ్వు మంచం దిగనే లేదన్నట్టు. మొదటికెళ్ళి మళ్ళ నడువు. పోయేది నా పానం."

ఆ పై శుక్రవారం అతను మళ్ళీ లుసైల్‌లో మొదటి బోర్డు దగ్గర దిగాడు. నన్ను రావద్దన్నాడు. సాక్షిగా మా గదిలో వంటచేసే నేపాలీని తీసుకుపోయాడు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి అబద్ధమాడే వీలు లేదట.