ఎండలో పెట్టిన బ్యాటరీ

నిన్న మధ్యాహ్నం మేడ మీదికి వెళితే పిట్టగోడ మీద పక్కింటివాళ్ళు టీవీ రిమోట్ సెల్లులు రెండు ఎండబెట్టారు. వేలు తగలగానే చురుక్కుమంది. సెల్లులను చూసి భయపడే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. మెట్ల మీదే కూర్చుండిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బత్తలపల్లెలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో ఫోను దగ్గర కూర్చునేదాన్ని. డాక్టరమ్మ ఎక్కువగా అనంతపురంలోనే ఉండేది. ఆసుపత్రిని నడిపింది పెద్ద నర్సు రహమతమ్మ. మా కార్డ్‌లెస్ ఫోను పది నిమిషాలు మాట్లాడితే కుయ్ కుయ్ మనేది. "పాపా, బ్యాటరీ ముసల్దైపాయ. కొత్తది తెప్పిచ్చు," అందామె. నేను తలూపి ఊరుకున్నాను. మా నాయన టార్చి సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టి మళ్ళీ వెలిగించేవాడు. నేనూ ఆ బ్యాటరీని రెండు రోజులు మేడ మీద ఎండబెట్టి, మళ్ళీ ఫోనులో పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఛార్జింగు బ్యాటరీ ఎండకు ఇంకా పాడవుతుందని నాకు తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఒక మగ గొంతు, రొప్పుతూ. "సిస్టర్, మా ఇంట్లోదానికి కాన్పయింది. నెత్తురు ఆగకుండా పోతాండాది. బండి పంపిచ్చండి. మేము ఈడ..." అంతే. ఫోను చచ్చిపోయింది.

"యా ఊరంట?" రహమతమ్మ పరుగున వచ్చింది.

"చెప్పలేదు సిస్టర్."

ఎవరు చేశారో చూపించే ఫోను కాదది. ఆమె బీరువాలోంచి పాత తీగ ఫోను తీసి తగిలించింది. ఆటో వాకిట్లో సిద్ధంగా ఉంది, ఎటు పోవాలో తెలియదు. ఫోను ఒక్కసారి మోగింది. మందుల కంపెనీ మనిషి. ఆ గొంతు మళ్ళీ రాలేదు. పొద్దు వాలేదాకా ఎవరూ రాలేదు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి కేకలేసింది. "తప్పు నాది మేడమ్. బ్యాటరీ నేను చూసుకోలేదు," అంది రహమతమ్మ. నేను నోరు విప్పలేదు. ఆ పిరికితనం ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు రహమతమ్మ పాత బ్యాటరీని చేతిరుమాల్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని అనంతపురం వెళ్ళింది. కొట్టతను ఇంకోటి చూపించాడు. "ఇది ఇంకా ఎక్కువ సేపు వస్తాదక్కా."

"ఎక్కువ వద్దప్పా. దీని మాదిరిదే కావల్ల. వోల్టు అదే, పిన్ను అదే, ఎర్ర తీగ ఈ పక్కనే ఉండల్ల. పాత సరుకైతే తీయొద్దు."

ఒక పగలూ ఒక రాత్రీ ఛార్జింగు పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి మాకే ఫోను చేసింది. "అరగంట మాట్లాడు, నిలుస్తాదో లేదో చూద్దాం. నొప్పులు పడతాండే మనిషిని అనుకో నన్ను. ముందు ఏమడుగుతావు?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "యా ఊరు అని."

"ఆ. పేరు తర్వాత. ఏడువు, కానీ ఫోను పెట్టొద్దు."

అరగంటా ఏడ్చాను. బ్యాటరీ నిలిచింది.

ఆ తర్వాత ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషినీ ఆమె అడిగేది: "మీ ఊర్లో ఈ ఎండల్లో కాన్పై ఎవరన్నా పోయినారా?" లేదంటే కాస్త తేలికపడి, మళ్ళీ ఇంకొకరిని అడిగేది. ఉద్యోగం మానేదాకా అడిగింది. ఆమెకు జవాబు దొరకలేదు.

రహమతమ్మ పోయి నాలుగేళ్ళయింది. నా జేబులో ఇప్పుడు పేరూ ఊరూ చూపించే ఫోనుంది. అయినా మోగితే నా నోట ముందు వచ్చే మాట "యా ఊరు?" అనే. మా అమ్మాయి, "నేనేమ్మా, పక్క గదిలోంచే," అని నవ్వుతుంది. ఆ మాట వినేదాకా నాకు ఊపిరాడదు.