నేను చూసిన బర్రె

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. పెద్దమ్మ బర్రె తాడు తెంపుకొని జొన్నచేను వైపు పోతుంటే నేను చూశాను.

గూడూరు దగ్గర మా ఊరు. సెలవులకు ఇంటికి వచ్చి, మా చేను గట్టు మీద చదువుకుంటూ కూర్చున్నాను. పక్కచేలో కోసిన జొన్న మోళ్లకు వాన పడి మళ్లీ పిలకలు వచ్చాయి. ఆ లేత పిలకలు తిన్న పశువు బతకదని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. లేచి అదిలిస్తే చాలు. కానీ పెద్దమ్మ నాయినకు స్వయానా వదిన అయినా, బాయి మోటరు వంతుల దగ్గర గొడవై మూడేళ్లుగా రెండిళ్లకూ మాటల్లేవు. బర్రెను తోలుకుపోతే ఆమె వాకిట్లో నిలబడి పిలవాలి. నాయిన చూస్తే తిడతాడు. ఎవరో ఒకరు మళ్లిస్తారులే అనుకొని కళ్లు పుస్తకంలోకి దించుకున్నాను.

సాయంత్రం పెద్దమ్మే మా గడప దగ్గరికి వచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

“మా బర్రెను జూసినవా, బిడ్డ?”

“లే, పెద్దమ్మ.”

“కోపాలు పెద్దోళ్లకుండనీ. నిజంగనే జూడలే?”

“చూడలే.”

మర్నాడు అది జొన్నచేలో పడి ఉంది. పెదనాయిన పోయినప్పటి నుంచి ఆ పాలతోనే ఆమె ఇల్లు నడిచేది.

సెలవులయ్యాక జనగామలోని నా అద్దె గదికి వచ్చేశాను. లా చదువుతున్నాను. సెమినారులో ప్రాచీన చట్టాలను పోల్చమన్నారు. చీటీ తీస్తే నా వంతుకు తప్పిపోయిన పశువులు వచ్చాయి. ఆ చీటీని మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను.

వారం రోజులు అవే చదివాను. బాబిలోను శాసనంలో, పోయిన సొమ్ము ఎవరి చేతిలో దొరికితే వాడు దాన్ని కొన్నట్టు సాక్షులను చూపాలి. లేకపోతే దొంగ. హిత్తీయుల చట్టంలో, దొరికిన ఎద్దును ఊరి పెద్దలకు చూపించాలి. చూపించాక, సొంతదారు వచ్చేదాకా కాడికి కట్టుకోవచ్చు కూడా. రెండూ పట్టుకున్నవాడి సంగతే అడుగుతాయి. యూదుల ధర్మశాస్త్రం మాత్రం చూసినవాడి దగ్గరికి వస్తుంది. నీకు గిట్టనివాడి ఎద్దయినా సరే, దారి తప్పి కనబడితే తోలుకుపోయి అప్పగించు, చూడనట్టు తప్పుకోవద్దు అంటుంది. తప్పుకుంటే ఏం శిక్షో ఎంత వెతికినా కనబడలేదు. ఏదో ఒకటి రాసి ఉంటే బాగుండేదనిపించింది. ఆ శిక్షేదో అనుభవించి నిశ్చింతగా పడుకునేదాన్ని.

సెమినారులో ఆ చట్టానికి శిక్ష లేదనే చెప్పాను, నా గొంతు నాకే వినబడనంత చిన్నగా.

“శిక్ష లేంది చట్టమెట్లయితదమ్మా?” అంది మేడమ్.

“బర్రెల లాయరుకే తెల్వాలె మేడమ్,” అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

ఆ వారమే అమ్మ ఫోన్ చేసి, పెద్దమ్మ ఇల్లు తాళం వేసి భూపాలపల్లి జిల్లాకు, టేకుమట్లలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోందని చెప్పింది. “బర్రె పోయినంక ఇగ ఈడేమున్నదట.”

ఆమె వెళ్లేలోపే కలవాలని ఆదివారం మహబూబాబాద్ దాకా రైల్లో నిలబడి వచ్చి, అక్కడ బస్సెక్కాను. గూడూరులో దిగేసరికి ఎదురుగా ఇంకో బస్సులో, రెండు సంచులు ఒళ్లో పెట్టుకొని పెద్దమ్మ కూర్చుని ఉంది. ఎక్కాను.

“పెద్దమ్మా, నీకొక మాట చెప్పాలె.”

“ఏంది బిడ్డ, గింత బక్కగైనవ్? ఆడ వండుకుంటలేవా?”

“గా బర్రె సంగతి...”

“పోయినదాని ముచ్చటెందుకు? గా దినం మీ ఇంట్ల నువ్వొక్కదానివే నాతోని మాట్లాడినవ్. గది నేను మర్వ.”

జారుతున్న సంచిని ఆమె ఒళ్లోకి సర్దాను. బస్సు స్టార్టయింది. నన్ను తీసుకుపోవడానికి బండి మీద వచ్చిన నాయిన రోడ్డవతల నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ కిటికీలోంచి ఆయన్ను చూసి, నా మోచెయ్యి పట్టి తలుపు వైపు తోసింది. ఆ తర్వాత ఆమెను మళ్లీ కలవలేదు. నాతో అన్న ఆఖరి మాట ఇదే:

“దిగు దిగు, బస్సు కదుల్తాంది. మీ నాయిన జూస్తే నీకే లొల్లయితది.”