పంది రూపాయి కోసం ధర్మవరం దాకా

1998 జూలై 31, శ్రావణ శుక్రవారం. ఉదయం తొమ్మిదిన్నరకు హిందూపురంలో ఇంటికి తాళం వేసి బయలుదేరాను. చేతిసంచిలో భూతద్దం, నీళ్ల సీసా, ఐదువందల యాభై రూపాయలు. ధర్మవరంలో ఉన్న మా తమ్ముడు నారాయణకు ఒక పాత నాణెం కొని, సాయంత్రానికి వాడికి ఇచ్చి, రాత్రికి తిరిగి రావాలని అనుకున్నాను.

నారాయణ పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసేవాడు. కిందటేడు పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. తెల్లదొరల కాలం నాటి వెండి రూపాయలను గుంటలు తీసిన చెక్కపెట్టెలో పేర్చుకోవడం వాడికి చిన్నప్పటి నుంచీ ఇష్టం. పెట్టెలో ఒక్క గుంటే ఖాళీగా మిగిలింది. అది 1911 నాటి ఐదో జార్జి రూపాయిది. ఆ ఏడు రాజు అంగీ మీద చెక్కిన చిన్న ఏనుగుకు తొండం పొట్టిగా వచ్చి, చూసేవాళ్లకు పందిలా కనపడిందట. జనం గొడవ చేస్తే సర్కారు దాన్ని ఆపి, మరుసటి ఏడు తొండం పొడుగు చేసి అచ్చు వేసింది. అందుకే దానికి పంది రూపాయి అని పేరు, అందుకే అది అరుదు.

“నేనింక యాడికీ తిరగలేనక్కా. అదొక్కటి నువ్వు చూడు. కడగనిది చూడు,” అని ఉగాదికి వెళ్లినప్పుడు అడిగాడు. వాడు నన్ను నోరు తెరిచి అడిగిన సందర్భాలు చాలా తక్కువ.

ముందు హిందూపురం బజారులోనే నాకు తెలిసిన వెండి అంగడికి వెళ్లాను. అంగడాయన డబ్బా నిండా రూపాయలు తెచ్చి గుడ్డ మీద కుమ్మరించాడు. అన్నీ నిన్న అచ్చు వేసినట్టు తళతళలాడుతున్నాయి.

“మిషన్ పాలిష్ పెట్టించినామమ్మా. పూజకు ఇవే అడుగుతారు.”

“పాలిష్ లేనివి లేవా?”

“నల్లటి రూపాయి ఎవరు కొంటారమ్మా? నాకు తూకం తెలుసు, ఏడాదులు తెలీదు. దుడ్లు ఊరికే తీసుకోకూడదు కదా, వేరే యాడన్నా చూడండి.”

అంత మాట చెప్పే అంగడి నమ్మదగిందే. వెండి కావలసినవాళ్లు అక్కడికి వెళ్లవచ్చు. పాత నాణెం కావలసినవాళ్లకు మాత్రం అది చోటు కాదు.

పదకొండుకు పెనుకొండ బస్సు ఎక్కాను. టికెట్టు పదకొండు రూపాయలు. పన్నెండుంబావుకు దిగి, స్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో పన్నెండు రూపాయలకు భోజనం చేశాను. సాంబారు పలచన, చెట్నీ బాగుంది. కోట వైపు వెళ్లే దారిలో ఒకాయన గోనెపట్టా పరిచి నాణేలు అమ్ముతాడని విన్నాను. ఉన్నాడు. పట్టా మీద రాయల కాలం వరహాలంటూ పసుపుపచ్చటి బిళ్లలు, కొన్ని రాగి కాసులు, నాలుగు వెండి రూపాయలు.

“ఏమప్పా, ఈ వరహాలు యాడివి?”

“మా చేన్లో మడక దున్నుతాంటే దొరికినాయవ్వా. అబద్ధమాడితే నా కండ్లు పోతాయి.”

“నిజంగా చేన్లో దొరికుంటే సర్కారుకు చెప్పాల గదప్పా. నీకూ తిప్పలే, కొన్నోళ్లకూ తిప్పలే.”

వాడు కాస్త తగ్గి, “సరే, చేన్లో కాదులే,” అన్నాడు.

ఒక రూపాయి మీద 1911 అని ఉంది. ఆరువందలు చెప్పాడు. భూతద్దం తీసి చూశాను. ఏనుగు తొండం చక్కగా కిందికి వేలాడుతోంది. 1912 నాటి రూపాయిని తెచ్చి చివరి అంకెను అరగదీశారు.

“ఏడాది మార్చినారు గానీ, తొండం కోసేది మరిచిపోయినారప్పా.”

వాడు నాణెం తీసుకుని ఎండకు పట్టి చూసి నవ్వాడు. “ఇన్నేండ్లుగా అమ్ముతాండా, ఏనుగు దిక్కు చూసినోళ్లు లేరవ్వా. నూరుకి తీసుకుంటావా?”

నేను తీసుకోలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే. రసీదు రాయలేనివాడి దగ్గర, రేపు మళ్లీ అదే చోట ఉంటాడో లేడో తెలియనివాడి దగ్గర ఎంత తక్కువకు వచ్చినా కొనవద్దు.

ఆటోలో స్టేషను చేరి, రెండు గంటల ప్యాసింజరుకు ధర్మవరం టికెట్టు తీసుకున్నాను. తొమ్మిది రూపాయలు. బండి పావుగంట ఆలస్యం. రైలు పెట్టెలో నా ఎదుట చీరల మూటతో ఒక మగ్గమాయన కూర్చున్నాడు. నా చేతిలో భూతద్దం చూసి, “పోగులు లెక్కేస్తావా ఏమక్కా?” అన్నాడు. నాణేల సంగతి చెప్పాను. “పట్టైనా అంతే. వెలుతురుకు పట్టి చూడనీకుండా చుట్టి ఇచ్చేవాణ్ని నమ్మకూడదు,” అన్నాడు.

ధర్మవరంలో దిగేసరికి మూడున్నర. నారాయణ నాలుగైదేళ్ల కిందట చెప్పిన ఒక పెద్దాయన ఇల్లు స్టేషనుకు దగ్గరే. నాణేలు, తపాలా బిళ్లలు ఇంట్లోనే పెట్టుకుని అమ్ముతాడు. ముందే ఉత్తరం రాసి ఉన్నాను. జవాబు రాలేదు గానీ, రూపాయి తీసి ఉంచాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసి, తక్కెడ కూడా పక్కనే పెట్టాడు.

నాణెం నల్లగా ఉంది. ఆ నలుపు అంతటా ఒకేలా, లేత ఊదారంగుతో ఉంది. తొండం పొట్టిది. తూకం సరిగ్గా తులం. బెంగళూరు వ్యాపారుల ధరల పుస్తకం తీసి ఆయనే నాకు చూపించాడు. అందులో ఐదువందలు ఉంది. నాలుగువందల ముప్పైకి ఇస్తానన్నాడు. బేరమాడడానికి నాకు నోరు రాలేదు. రూపాయిని కాగితం కవరులో పెట్టి, ఏడాది, తూకం, ధర రాసి రసీదు ఇచ్చాడు. నెలలోపు ఎవరైనా నకిలీదని అంటే డబ్బు వాపసు ఇస్తానని దాని కిందే రాశాడు.

“మీ తమ్మునికి చెప్పేపని లేదు గానీ, మీకు చెప్తాండా. దీన్ని కడగొద్దమ్మా. ఈ నలుపు పోతే ఇది ఒట్టి వెండే.”

అంత సక్రమంగా జరిగిన కొనుగోలు నా జీవితంలో ఇంకొకటి లేదు. నాలుగున్నరకు తమ్ముడి ఇల్లు చేరాను. వాడు నిద్రపోతున్నాడు. మరదలు సావిత్రి కాళ్లకు నీళ్లిచ్చింది. నేను కవరు తన చేతికిచ్చి, “నారాయణ రూపాయి. లేచినాక ఇద్దాం,” అని చెప్పి పెరట్లోకి వెళ్లాను. మొహం కడుక్కుని, పక్కింటావిడ పలకరిస్తే నాలుగు మాటలు మాట్లాడి వచ్చాను.

దేవుని గూట్లో దీపం వెలుగుతోంది. దాని ముందు ఇత్తడి పళ్లెంలో తమలపాకు మీద రూపాయి ఉంది. చింతపండు పెట్టి, బూడిదతో తోమి, పసుపూ కుంకుమా పెట్టింది. పాలిష్ అంగట్లో చూసిన రూపాయలకూ దానికీ తేడా లేదు.

“శ్రావణ శుక్రవారం లక్ష్మి ఇంటికొస్తే మసితో ఎట్ల పెడ్తాము వదినా? చూడు, రాజు మీసాలు గూడా కనపడ్తాండాయి,” అంది సావిత్రి. ఆమె మొహం కూడా అలాగే వెలుగుతోంది. మా అమ్మ చేసినా అదే చేసేది. ఇంటికి వచ్చిన వెండి ముందు చింతపండును, తర్వాత దేవుణ్ణి చూడాలి. ఆ సంగతి నాకు తెలియనిదా?

నారాయణ లేచాడు. సావిత్రే పళ్లెం తీసుకుపోయి మంచం మీద పెట్టింది. వాడు ఎడమచేత్తో రూపాయి తీసి, నా భూతద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు.

“తొండం పొట్టిదేనక్కా. నిజమైనదే.”

తర్వాత భార్య వైపు చూసి, “బాగా తోమినావు,” అన్నాడు.

“పెట్టెలో పెట్టేదా?”

“వద్దులే. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం గదా, నీ కలశంలో వేసుకో.”

ఆమె సంతోషపడి కాఫీ కలపడానికి వెళ్లింది. పెట్టె మంచం పక్కనే ఉంది. వాడు దాన్ని తెరవలేదు.

“ఇంకొకటి చూస్తానురా,” అన్నాను.

“చాల్లేక్కా. ఇంకొకటి కొంటే, దీనికేమైందని అడుగుతుంది. ఆమెకు చెప్పొద్దు.”

ఆరుంబావుకు స్టేషనులో ఉన్నాను. హిందూపురానికి టికెట్టు పదిహేను రూపాయలు. బండి సమయానికే వచ్చింది. పెనుకొండ దాకా పోయే ఒక ముసలామె నా పక్కన కూర్చుని, మల్లెపూలు కడుతూ అడిగింది.

“ఏం పనిమీద వచ్చినావమ్మా?”

“పాత రూపాయి కొనేదానికి.”

“దొరికిందా?”

“దొరికింది.”

“యాడుండాది?”

“తమ్ముని ఇంట్లో, దేవుని గూట్లో.”

“శ్రావణమాసంలో మంచిపని చేసినావు,” అని మూరెడు పూలు తుంచి నా చేతిలో పెట్టింది. తీసుకుని జడలో పెట్టుకున్నాను.