గోషే మేస్త్రీ బురుజు కూలుతుందా?

మోంత్రెల్ కోటలో ఏ గోడ చూసినా గోషే మేస్త్రీ చేతి పనే. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనిచ్చేవాడు కాదు. తన బురుజు గొప్ప చెప్పడం మొదలుపెడితే ఎదుటివాడి గిన్నెలో పులుసు చల్లారిపోవాల్సిందే.

ఆయన భార్య ఎర్మెలీన్ తమ్ముడు ఎర్వే సొరంగాలు తవ్వేవాడు. ఏ దొర కూలి ఇస్తే ఆ దొర తరఫున తవ్వేవాడు. మోంత్రెల్‌కు మొదట కర్రకోట ఉండేది. శత్రువులు తగలబెడితే గోషే రాతితో కట్టాడు. వాళ్ళు నలుచదరపు బురుజు మూల కింద తవ్వి కూలిస్తే, మూలలే లేకుండా గుండ్రటి బురుజు లేపాడు. ఆదివారం భోజనానికొచ్చిన ఎర్వే దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"మూల లేకపోతే ఏం బావా, అడుగు ఉంటుందిగా!"

"బావ బాగు కోరేవాడు బావమరిదంటారు. మావాడు నా పునాది కోరుతున్నాడు" అన్నాడు గోషే.

ఆ ఏడే పక్క దొర మోంత్రెల్‌ను ముట్టడించాడు. తవ్వకానికి వచ్చింది ఎర్వేనే. లోపల గోషే, ఎర్మెలీన్, మరో అరవై మంది. మూడో వారానికి గుర్రాలను కూడా కోసుకు తినేశారు. అక్కడొక ఆనవాయితీ ఉంది. బురుజు కింద తవ్వి, ఊతకర్రలు నిలబెట్టాక, వాటికి నిప్పుపెట్టి కూల్చే ముందు కోటలోని మనిషిని పిలిచి చూపిస్తారు. కూలుతుందని అతను ఒప్పుకుంటే లోపలివాళ్ళు లొంగిపోయి ప్రాణాలతో వెళ్ళిపోవచ్చు. కాదంటే, గోడ దాటి వచ్చినవాళ్ళు ఎవరినీ వదలరు.

చూసి రమ్మని గోషేనే పంపారు. సొరంగంలో దీపం పట్టుకుని ఎర్వే ఒక్కడే ఉన్నాడు. గోషే రాళ్ళు తడిమి, అడుగులు లెక్కేసి, పకపకా నవ్వాడు. తవ్వకం కొండరాయికి తగిలి ఆగిపోయింది. బురుజు ఇంకా పదడుగుల అవతల ఉంది.

"ఒరేయ్, ఇక్కడ నిప్పుపెడితే రొట్టెలు కాల్చుకోవచ్చు. నా బురుజుకు చెమట కూడా పట్టదు!"

"నాకు తెలుసు బావా. మా దొర ఈ బురదలోకి దిగడు, ఆయనకు తెలీదు. నువ్వు కూలదంటే రేపు నిచ్చెనలు వేస్తారు. మావాళ్ళు నాలుగు వందల మంది. లోపల అక్కుంది."

గోషే నవ్వు ఆగిపోయింది. "అయితే కూలుతుందని నా నోటితో నేనే చెప్పాలా?"

"నువ్వు చెబితేనే నమ్ముతారు. దాన్ని పొగడని రోజుందా నీకు?"

గోషే పైకొచ్చి తన దొర ముందు నిలబడ్డాడు. "కూలుతుంది దొరా. పునాది సరిగ్గా వెయ్యలేదు. తప్పు నాదే." ఆ మూడు ముక్కలు అనడానికి ఆయనకు ప్రాణం పోయినంత పనయింది.

మర్నాడు అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు. రాగిబిందె చంకనెత్తుకుని ఎర్మెలీన్ దారిపొడుగునా దులిపేసింది. "ఇన్నేళ్ళు నా చెవులు తినేశావే, ఇదా నీ పనితనం?" గోషే పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట్లాడకుండా నడిచాడు.

ఆ తర్వాత ఆయనకు ఎవరూ కోట పని ఇవ్వలేదు. పందుల దొడ్లకు గోడలు కట్టుకుంటూ బతికాడు. పదేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం గోషే ఇంట్లో ఎర్వే రొట్టె తుంచుకుంటూ కిటికీలోంచి దూరంగా ఉన్న బురుజును చూశాడు.

"ఇంకా పడలేదేం బావా?"

"పడుతుందిలేరా, కంగారేముంది?"

ఎర్మెలీన్ కూడా కిటికీలోంచి బురుజు వైపు చాలాసేపు చూసింది. తమ్ముడి ముఖం చూసింది. పెద్ద మాంసం ముక్క తీసి మొగుడి పళ్ళెంలో వేసింది.