సరోజక్కతో సాతపడ డాల్ఫిన్ దర్శనం

మా సరోజక్క మిర్యాలగూడలో సర్కారు బడి సైన్స్ టీచర్. ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు డాల్ఫిన్ చేప కాదని పాఠం చెబుతోంది. ఈ ఏడాదితో రిటైర్మెంటు. మొన్న క్లాసులో ఒక పాప లేచి, "టీచర్, మీరు డాల్ఫిన్‌ను సూసిన్రా?" అని అడిగిందట. లేదనడానికి నోరు రాక, "వచ్చే సోమవారం చెప్త" అని బయటపడింది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

గురువారం పొద్దున ఐదింటికి సూర్యాపేటలో బస్సెక్కి ఆరింటికి కోదాడలో దిగాను. అక్కను ఎక్కించుకుని వచ్చిన బావ కారు అప్పటికే బైపాస్ మీద ఉంది. బావ రైస్‌మిల్లు మనిషి. వెనక సీట్లో పులిహోర డబ్బాలు, నీళ్ల క్యాను, ఒక బియ్యం బస్తా. బస్తా ఎందుకంటే, "గాడ మంచి బియ్యం దొరుకయ్" అన్నాడు. ఎక్కడ వండుతామో నేను అడగలేదు.

రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన ఎక్కగానే బావ రెండు చేతులూ జోడించాడు. కారు తొంభై మీద పోతోంది. "స్టీరింగ్ వట్టుకోని మొక్కుండ్రి!" అని అక్క కేక పెట్టింది. తుని దాటాక భోజనం. అన్నం మెతుకులు వేళ్లతో నలిపి చూసి, బావ హోటలాయనను పిలిచి మరీ వంకలు పెట్టాడు. ఆయన, "తినండి బాబూ, చల్లారిపోద్ది" అని వెళ్లిపోయాడు.

రాత్రికి విశాఖ. మర్నాడు సముద్రం పక్కగా శ్రీకాకుళం, బరంపురం దాటి, సాయంత్రానికి ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున సాతపడ చేరాం. డాల్ఫిన్లు అక్కడే తిరుగుతాయి. వెళ్లేవారు గది ముందే మాట్లాడుకోండి. మాకు దొరికినదాంట్లో ఫ్యాను తిరగలేదు.

శనివారం ఏడింటికి పడవ. కిరాయి పడవ మొత్తానికి కాబట్టి ఒక ఇచ్ఛాపురం కుటుంబంతో కలిసి పంచుకున్నాం. రెండు గంటలు కొంగలు, వలలు, మమ్మల్నే ఫోటో తీస్తున్న ఇంకో పడవ జనం తప్ప ఏమీ కనిపించలేదు. అక్క రెప్ప వేయడం కూడా తగ్గించింది. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో బడికి ఎలా పోతుందని నాకు బెంగ పట్టుకుంది.

తొమ్మిదిన్నరకు పడవవాడు ఇంజను ఆపి, అక్క పక్కనే నీళ్లలోకి వేలు చూపించాడు. ఇచ్ఛాపురం ముసలమ్మ, "గంగమ్మ తల్లి వచ్చీసినాదర్రా, దండమెట్టుకోండి!" అని అరిచింది.

దేవత పేరు వినబడితే మా ఇంట్లో ఎవరి చేతులూ వాళ్ల మాట వినవు. పడవలో అందరం చేతులు జోడించి గట్టిగా కళ్లు మూసుకున్నాం. తెరిచేసరికి నీళ్ల మీద సుడి మాత్రమే ఉంది. "కళ్లు మూస్తే ఎట్లా కనబడుతుంది?" అని పడవవాడు వచ్చీరాని తెలుగులో తల పట్టుకున్నాడు. ఇంకో గంట తిప్పినా అది మళ్లీ రాలేదు. సైన్స్ టీచరు కూడా మూసుకుందని నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆగిపోయాను.

ఆదివారం సాయంత్రం విజయవాడ దాటేదాకా అక్క, రేపు పిల్లలకు ఏం చెప్పాలని గొణుగుతూనే ఉంది. బావ ఉండబట్టలేక, "సూసిన అని చెప్పరాదు? గాడికి వొయ్యి ఎవరు అడుగుతరు?" అన్నాడు.

"అబద్ధం చెప్ప. మొక్కుకుంట కండ్లు మూసుకున్ననే చెప్త, నవ్వితే నవ్వనీ" అంది అక్క. చెంప తడుముకుని, "కని అది నా పక్కకే వచ్చి ఫూ అని ఊపిరి ఇడిసింది. మొకం మీద తుంపర వడ్డది. చేప గట్ల ఊపిరి ఇడుస్తదా? ఇన్నేండ్లు పుస్తకంల సూసి చెప్పిన. ఇగ రేపు నా చెవులతోని ఇన్నది చెప్త" అంది.

అక్కడి నుంచి కోదాడ దాకా ఆ ఊపిరి ఎలా వినిపించిందో మాకు చేసి చూపిస్తూనే ఉంది. టోల్‌గేటు దగ్గర అద్దం దించి ఉండగా ఒకసారి గట్టిగా చేసింది. లోపలి మనిషి ఉలిక్కిపడి గేటు ఎత్తేశాడు.