ఇంజెక్షన్ సీసాలో వేరు

నా చిన్నప్పుడు, హనుమకొండలో మా కిరాణా దుకాణం పక్క వాటాలో దవాఖాన నర్సు ఒకామె అద్దెకుండేది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె కిటికీలో మఖమల్ లాంటి ఆకులతో, ఊదారంగు పూలతో ఒక కుండీ ఉండేది. ఆఫ్రికన్ వయొలెట్ అని దాని పేరు. ఆమె దవాఖానలో పనిచేసిన విదేశీ పెద్ద నర్సమ్మ స్వదేశానికి వెళ్ళిపోతూ ఇచ్చిన గుర్తు. వరంగల్ మొత్తంలో అలాంటిది మరొకటి ఉండదని నా గట్టి నమ్మకం.

ఒకసారి అక్క సెలవు మీద ఊరికి వెళుతూ ఆ కుండీని మా ఇంట్లో ఉంచింది. మా నాయనమ్మ ప్రతి ఉదయం స్నానం చేసి తులసికి చెంబెడు నీళ్ళు పోసేది. ఇంటికి వచ్చిన మొక్కను ఎండబెట్టడం ఆమె మర్యాదకు విరుద్ధం. అందుకని అదే భక్తితో దాని నడినెత్తిన మరో చెంబెడు పోసేది. అక్క తిరిగి వచ్చేసరికి మొదలు కుళ్ళి, ఆకులు వాలిపోయాయి.

"నీళ్ళు పోస్తె సచ్చే చెట్టుంటదా బిడ్డా?" అని నాయనమ్మ కంటతడి పెట్టుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. రెండు రోజులు అక్క తన ఖాళీ కిటికీ వైపు చూడనే లేదు. మా చిన్నాయన మాత్రం "అవతల పారేయుండ్రి, కూరకు గూడ పనికి రాదు" అని నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మూడోనాడు అక్క ఆ కుండీని ముందు పెట్టుకుని కూర్చుంది. చెడిపోని ఆకులు రెండు ఏరి, కాడల కొనలను బ్లేడుతో ఏటవాలుగా కోసింది. ఒకదాన్ని తడి ఇసుకలో గుచ్చి, మా దుకాణంలోని పిప్పరమెంట్ల గాజు సీసాను దాని మీద బోర్లించింది. "ఇసుకల వేలు పెట్టినవంటే మాత్రం చెట్టు గాదు" అని నన్ను హెచ్చరించింది. నా ముఖం చూసి నేను ఆగలేనని గ్రహించింది కాబోలు, రెండో ఆకును ఖాళీ ఇంజెక్షన్ సీసాలో నీళ్ళు పోసి నిలబెట్టి నాకిచ్చింది.

"ఇది నీది. ఎన్నిసార్లన్న సూసుకో. దీంట్ల ఏమైతాందో, ఇసుకల గూడ అదే అయితాంటది. జర నమ్ము."

రోజూ బడి నుంచి రాగానే ఆ కాడ బొమ్మను పలక మీద గీసి, ఏం మారిందో కింద రాసేదాన్ని. చాలాకాలం ఏమీ మారలేదు. ఒక ఉదయం చూద్దును కదా, కాడ కొనన తెల్లని నూలుపోగు! "అక్కా, వేరొచ్చింది!" అని అరుస్తూ నేను పరుగెత్తిన వేగానికి కందిపప్పు డబ్బా దొర్లింది. చిన్నాయన తిట్లు నాకు వినబడలేదు. నాయనమ్మ సీసాను వెలుగుకెత్తి, "అవ్వో, బతికిందే!" అంది.

ఇసుకలోని ఆకు ఇంకా పరీక్ష పెట్టింది. తవ్వి చూడాలని వేళ్ళు దురద పెట్టినప్పుడల్లా నా సీసా ఎత్తి చూసుకునేదాన్ని. చివరికి ఆ ఆకు మొదట్లో ఎలుక చెవులంతటి చిగుళ్ళు ఇసుకను తోసుకొని వచ్చాయి. ఒక్క ఆకుకు పిల్లల గుంపు! అక్క అందులో ఒక పిల్లను వేరుచేసి, కుండీలో నాటి, నేరుగా నాయనమ్మ చేతిలో పెట్టింది.

"నాకా? మళ్ళ సంపుతనేమో బిడ్డా."

"నువ్వేం సంపవవ్వా. నెత్తి మీద గాదు, కింద పళ్ళెంల పొయ్యి."

మరునాడు నాయనమ్మ తులసికి చెంబు వంచి, కుండీ దగ్గర మాత్రం ఉద్ధరిణెతో పళ్ళెంలో నీళ్ళు వడ్డించింది.

వాడిందని కుండీతో సహా మొక్కను వీధిలో పారేసేవారిని చూస్తే నాకు నేటికీ ఒళ్ళు మండుతుంది. గొణుగుతూ వెళ్ళి, పనికొచ్చే ఆకు ఏరుకొస్తాను. నా కిటికీలో ఎప్పుడూ ఏదో ఒక ఆకు మందు సీసాలో నిలబడి ఉంటుంది, దాని పక్కన ఇంకొకటి ఇసుకలో. సీసాను రోజుకు పదిసార్లు చూస్తాను. ఇసుకను మాత్రం తవ్వను.